నీరు పైకొచ్చింది... పుణ్యం ఎవరిది?

• కరువు తర్వాత మొదలైన ప్రతి పథకమూ విజయమే!
• వాన వాటా తీసివేస్తేనే తేలేది అసలు లెక్క
• కర్నూలు, కడప భూగర్భజలాలపై విశ్లేషణ

కర్నూలు, కడప: వానాకాలం ముగిసే వేళకు సీమ పల్లెల్లో ఒక మాట తప్పక వినిపిస్తుంది. ‘ఈ ఏడు బోర్లలో నీళ్లు పైకొచ్చినాయి’ అన్నదే ఆ మాట. ఆ వెంటనే ఆ పుణ్యం ఎవరిదన్న చర్చ మొదలవుతుంది. చెరువు పూడిక తీయించిన వారు అది తమ ఘనతేనంటారు. వాగుపై చెక్‌డ్యాం కట్టించిన వారు తమ పేరు చెబుతారు. ఇంకుడు గుంతలు తవ్వించిన శాఖ తన నివేదికలో ఆ అంకెను మొదటి పేజీలోనే ముద్రిస్తుంది. వాన మాత్రం ఎక్కడా నివేదిక ఇవ్వదు. అందుకే దాని వాటా తరచూ లెక్కలోకి రాదు.

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి వల్లే పండు రాలిందనుకోవడం పొరపాటని పెద్దలు ఏనాడో గుర్తించారు. దానికి ‘కాకతాళీయం’ అని పేరూ పెట్టారు. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం, రెండోది ఫలితం అయిపోవు. ఈ చిన్న సూత్రాన్ని మరచిపోతే సీమలో జరిగే నష్టం మాత్రం చిన్నది కాదు. పథకం వల్ల నీరు స్థిరంగా పెరిగిందని నమ్మిన రైతు వేరుశనగ మాని వరికి దిగుతాడు. అప్పు తెచ్చి మరో బోరు వేయిస్తాడు. మరుసటి ఏడు వాన మొహం చాటేస్తే పంటా పోతుంది, బోరూ ఎండుతుంది. మిగిలేది అప్పు మాత్రమే. మరోవైపు నిజంగా పనిచేసే పథకం ఏదో, పేరుకు మాత్రమే నడిచేది ఏదో తేలక ప్రజాధనం దారి తప్పుతుంది.

నాలుగు కారణాలు... ఒకే ఫలితం

రెండు దశాబ్దాల కిందటి సంగతి ఇందుకు చక్కని ఉదాహరణ. 2002లో దేశవ్యాప్తంగా నైరుతి రుతుపవనాల లోటు 19 శాతంగా నమోదైంది. సీమ జిల్లాలు ఆ కరువుకు అల్లాడాయి. 2004లోనూ రుతుపవనాలు నిరాశపరచాయి. 2005లో వానలు కోలుకున్నాయి, బావులూ కోలుకున్నాయి. మరి ఆ నీటికి కారణమేమిటి?

ఆ కాలంలో సీమలో జరిగిన మార్పులు ఒకటీ రెండూ కావు. 2000 మే నెలలో నీరు-మీరు కార్యక్రమం మొదలైంది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. వాటర్‌షెడ్ పనులు జరుగుతూనే ఉన్నాయి. ఆ దశాబ్దం మధ్యలో విమానాలతో మేఘమథనం చేపట్టారు. వీటిలో ఏ శాఖను అడిగినా 2005 నాటి నీటిమట్టాన్ని తన ఖాతాలో వేసుకోగలదు.

ఆ వరుసలోనే మరో ఘట్టం ఉంది. 2004 మే 14న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రంపై తొలి సంతకం చేశారు. ఉచిత విద్యుత్తు వచ్చిన తర్వాతే బావుల్లో నీరు పెరిగింది కనుక, ఉచిత విద్యుత్తు వల్లే నీరు పెరిగిందని ఎవరైనా అంటే నవ్విపోతారు. పైసా ఖర్చు లేని విద్యుత్తుతో మోటార్లు మరింత తిరుగుతాయే తప్ప నేలలో నీరు ఊరదు. అయితే పథకాలకు ఘనత కట్టబెట్టే తర్కమూ అచ్చంగా ఇదే కావడం గమనార్హం. ‘ముందు అది జరిగింది, తర్వాత ఇది జరిగింది’ అన్నంతకు మించి ఆ నివేదికల్లో ఆధారం కనిపించదు.

అడుగంటిన చోట ఆరంభం

పథకాలు ఎప్పుడు మొదలవుతాయో గమనిస్తే మరో విషయం బోధపడుతుంది. చెరువులు నిండిన ఏడాది ఎవరికీ జల సంరక్షణ గుర్తుకు రాదు. బావులు అడుగంటి, బిందెలతో జనం రోడ్డెక్కినప్పుడే ప్రభుత్వాలు కదులుతాయి. అంటే పథకం పుట్టేది కరువు అట్టడుగున ఉన్నప్పుడే. ఆ తర్వాతి సంవత్సరాలు అంతకన్నా మెరుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ. ఏమీ చేయకపోయినా మట్టం ఎంతోకొంత పైకి వస్తుంది. జ్వరం తీవ్రంగా ఉన్న నాడు వేసిన మందుకు, మర్నాడు తగ్గిన జ్వరం ఘనతను ఇవ్వడం వంటిదే ఇది.

సీమలో వాన కోసం విరాటపర్వం చదివించడం, కప్పతల్లిని ఊరేగించడం తరతరాల ఆచారం. వాన ఆలస్యమైన ఏడే ఈ క్రతువులు జరుగుతాయి. ఆలస్యమైన వాన ఏదో ఒక రోజు కురుస్తుంది కూడా. అది ఊరి విశ్వాసం, దాని విలువ దానిదే. కానీ కోట్లు ఖర్చయ్యే సర్కారు కార్యక్రమాన్ని కూడా అదే పద్ధతిలో లెక్కిస్తేనే చిక్కు.

ఎంత వానకు ఎంత మట్టం?

వాన వాటాను తేల్చడం అసాధ్యమేమీ కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు, ఉమ్మడి కడపది సుమారు 700 మిల్లీమీటర్లు. నల్లరాతి నేలల్లో కురిసిన వానలో దాదాపు పదో వంతు భూమిలోకి ఇంకుతుందని స్థూలంగా లెక్కగడతారు. అలాంటి రాతిపొరల్లో నీరు నిలిచే ఖాళీలు బహు తక్కువ. వంద పాళ్లలో రెండు పాళ్లకు అటూఇటూ మాత్రమే ఉంటాయి.

ఈ లెక్కన ఏడాదిలో 100 మిల్లీమీటర్ల వాన అదనంగా కురిస్తే 10 మిల్లీమీటర్ల నీరు అదనంగా ఇంకుతుంది. ఖాళీలు రెండు శాతమే కనుక ఆ 10 మిల్లీమీటర్లే బావిలో అర మీటరు ఎత్తుగా కనిపిస్తాయి. 200 మిల్లీమీటర్లు అదనంగా కురిస్తే పూర్తిగా మీటరు. కాబట్టి ‘మా పనుల వల్ల మీటరు పెరిగింది’ అన్న నివేదిక చేతికొస్తే, ఆ ఏడు వాన ఎంత ఎక్కువ కురిసిందన్నదే మొదటి ప్రశ్న కావాలి.

చెక్‌డ్యాంకూ ఇదే కొలబద్ద వర్తిస్తుంది. లక్ష ఘనపుటడుగుల నీరు నిలిపే చెక్‌డ్యాం ఒకసారి నిండితే అందులో ఉండేది సుమారు 2,830 ఘనపు మీటర్లు. అదంతా ఇంకి 250 ఎకరాల కింద సమంగా పరుచుకుంటే మట్టం పెరిగేది దాదాపు 14 సెంటీమీటర్లు. ఏడాదిలో నాలుగుసార్లు నిండి ఇంకితే అర మీటరు దాటుతుంది. ఇది తీసిపారేయదగ్గ ఫలితం కాదు. అయితే ఒక ఎకరం వరికి పెట్టే నీరు అదే చెక్‌డ్యాం ఒకసారి నిండిన నీటికన్నా ఎక్కువే. అందులో కొంత తిరిగి భూమిలోకి ఇంకినా, చెక్‌డ్యాంను చూసి ఊళ్లో మరో పది ఎకరాల వరి పెరిగితే కట్టడం తెచ్చిన లాభం హరించుకుపోతుంది. కట్టడాల సంఖ్యతో పాటు మోటార్ల సంఖ్య, పంటల విస్తీర్ణం కూడా లెక్కలో ఉండాల్సింది ఇందుకే.

మేఘమథనం చెప్పిన పాఠం

కార్యకారణాల నిగ్గు తేల్చడంలో మేఘమథనం అనుభవం అందరికీ గుణపాఠం. మబ్బు లేని ఆకాశం నుంచి ఎవరూ వాన కురిపించలేరు. మేఘాలు దట్టంగా ఉన్నప్పుడే విమానం ఎగురుతుంది. ఆ మేఘాలు ఎలాగూ కురిసేవేనేమో! రసాయనం చల్లిన రోజుల్లో కురిసిన వాననంతా మథనం ఫలితంగా చూపితే, మేఘం సొంతంగా ఇచ్చేదాన్ని కూడా విమానం ఖాతాలో జమ చేసినట్లవుతుంది. చల్లకపోతే ఎంత కురిసేదన్నది తెలియాలి. జరగని దాన్ని ఏ వర్షమాపకమూ కొలవదు.

దీనికి శాస్త్రజ్ఞులు కనుగొన్న మార్గం చీటీ వేయడం. అనువైన మేఘాలను ఎంపిక చేసుకుని, వేటిపై చల్లాలో వేటిని వదిలేయాలో మనిషి ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ మహారాష్ట్రలోని వర్షచ్ఛాయా ప్రాంతమైన సోలాపూర్‌లో ఈ పద్ధతిలో ప్రయోగాలు నిర్వహించి 2023లో ఫలితాలు వెల్లడించింది. 276 మేఘాలను పరిశీలించగా, అనువైన పరిస్థితుల్లో వాన సుమారు 18 శాతం మేర పెరగగలదని తేలింది. ఇజ్రాయెల్‌లో 2013 నుంచి 2020 వరకు ఏడు శీతాకాలాల్లో ఇదే తరహాలో జరిపిన ప్రయోగంలో పెరుగుదల 1.8 శాతమే కనిపించింది. అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికీ వీల్లేకపోయింది. అక్కడి మేఘాలు వేరు, ఇక్కడి మేఘాలు వేరు. ఒకచోట రుజువైంది మరోచోట రుజువైనట్లు కాదు. సీమ ఆకాశంలో నాడు జరిగిన మథనాన్ని ఆనాటి వర్షపాతం పట్టికలతోనే తూచడం ఎంత కష్టమో ఈ రెండు ఫలితాలే చెబుతున్నాయి.

రైతులే రాసిన లెక్క

అయితే నేల కింది నీటి విషయంలో చీటీ వేయడం అన్నిసార్లూ కుదరదు. ఏ ఊరికి చెక్‌డ్యాం ఇవ్వాలో లాటరీతో తేల్చే ప్రభుత్వం ఉండదు. అప్పుడు మిగిలే ఆధారం ఏళ్ల తరబడి పద్ధతిగా రాసుకున్న కొలతలే. ఆ పనిలో కర్నూలు, కడప రైతులు దేశానికే దారి చూపారనడంలో అతిశయోక్తి లేదు.

2003 ప్రాంతంలో మొదలై ఆ దశాబ్దమంతా నడిచిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ పథకం రైతులే నిర్వహించుకునే భూగర్భజల వ్యవస్థగా పేరొందింది. నెదర్లాండ్స్ ఆర్థిక సాయం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఇది అమలైంది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలు ఇందులో ఉన్నాయి. ఊళ్లోనే వర్షమాపకం పెట్టుకుని రోజువారీ వాన రాశారు. ఎంచుకున్న బావుల్లో నీటిమట్టాన్ని క్రమం తప్పక కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, నేలలో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని జమాఖర్చు వేసుకున్నారు. ఫలానా పంటే వేయాలని ఎవరూ శాసించలేదు. లెక్క చూసి రైతే నిర్ణయించుకున్నాడు.

ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ప్రకారం ఈ పథకంలోని పరివాహక విభాగాల్లో 42 శాతం మూడేళ్లపాటు వరుసగా రబీ నీటి తోడకాన్ని తగ్గించుకున్నాయి. 51 శాతం విభాగాలు అడపాదడపా తగ్గించాయి. పెరిగినవి 7 శాతమే. ఇవి ఆశ కలిగించే అంకెలే. కానీ ఇక్కడా అదే ప్రశ్న ఎదురవుతుంది. వరి తగ్గింది జల బడ్జెట్ వల్లనా, ధర పడిపోవడం వల్లనా, కూలీలు వలస వెళ్లడం వల్లనా? తక్కువ నీటి పంటలకు మంచి ధర రావడం వల్లనా? పైగా నీటిపై ముందే శ్రద్ధ ఉన్న ఊళ్లే ఇలాంటి పథకాలకు ముందుకు వచ్చే వీలుంది. పథకం మంచిదా కాదా అన్నది వేరు, మార్పులో దాని వాటా ఎంతన్నది వేరు. రెండింటినీ కలగాపులగం చేయకూడదు.

పక్క ఊరే తూకపు రాయి

ఈ చిక్కు విడదీయడానికి ఉన్న సులువైన మార్గం పక్క ఊరితో పోల్చడం. ఉదాహరణకు పనులు జరిగిన ఊళ్లో మే నెల నీటిమట్టం 18 మీటర్ల లోతు నుంచి 15 మీటర్లకు వచ్చిందనుకుందాం. పనులు జరగని పక్క ఊళ్లో 20 నుంచి 18.5కు వచ్చిందనుకుందాం. మొదటి ఊరు మూడు మీటర్లు పెరిగిందని చాటుకుంటుంది. ఒకే వాన పడిన పక్క ఊళ్లో ఏ పనీ లేకుండానే మీటరున్నర పెరిగింది కనుక, పనుల వాటా మహా అయితే మిగిలిన మీటరున్నర మాత్రమే.

ఈ పోలికకూ షరతులున్నాయి. రెండు ఊళ్ల కింద ఒకే రకం రాయి ఉండాలి. ఆలూరు, పత్తికొండ వైపు ఉన్నది గ్రానైట్ నేల. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు వైపు నాపరాతి, సున్నపురాతి పొరలు ఉన్నాయి. సున్నపురాతిని నీరు ఎలా తొలుచుకుపోతుందో బెలుం గుహలే సాక్ష్యం. అక్కడి బావి వానకు స్పందించే తీరు వేరు, గ్రానైట్ బావి తీరు వేరు. కాలువ నీటినీ మరవరాదు. 2012లో మల్యాల నుంచి హంద్రీ-నీవా ఎత్తిపోత మొదలయ్యాక ఆ కాలువ వెంబడి ఊళ్లకు వానతో పనిలేని నీటి ఊట తోడైంది. కాలువ పక్క ఊరిని, కాలువకు దూరంగా ఉన్న ఊరిని పోల్చి చెక్‌డ్యాంకు మార్కులు వేయడం సరికాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. ఎగువన ఆపిన నీరు కొత్తగా పుట్టింది కాదు, దిగువకు పోవాల్సినదే. పై ఊళ్లో చెక్‌డ్యాం వల్ల కింది ఊరి చెరువుకు నీరు తగ్గితే ఆ ఊరి బావులూ తగ్గుతాయి. అలాంటి ఊరితో పోలిస్తే పై ఊరి లాభం రెట్టింపుగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ జరిగింది నీటి పెంపు కాదు, నీటి మార్పిడి.

అంకెలు బోల్తా కొట్టించే చోట్లు

కొలతలు సక్రమంగా ఉన్నా చదివే తీరులో తేడా వస్తే అర్థం తారుమారవుతుంది. భూగర్భజల మట్టం మే నెలలో అట్టడుగుకు చేరి, ఈశాన్య రుతుపవనాల నాటికి పైకి వస్తుంది. మే అంకెను నవంబరు అంకెతో పోల్చి ‘పెరిగింది’ అనడం పగటిని రాత్రితో పోల్చడమే. మేను మేతో, నవంబరును నవంబరుతోనే పోల్చాలి.

ఎండిపోయిన బావుల సంగతి మరింత గమనించదగ్గది. అడుగంటిన బావిలో మట్టం కొలవలేరు. దాన్ని జాబితా నుంచి తొలగిస్తే, నీరున్న బావుల సగటు మాత్రమే మిగులుతుంది. బావులు చచ్చిపోయే కొద్దీ సగటు మెరుగుపడినట్లు కనిపించడం విచిత్రమే అయినా అంకగణితం అంతే.

జిల్లా సగటులకు మరో గండం ఉంది. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య జిల్లా విడివడ్డాయి. అంతకుముందు ‘కర్నూలు సగటు’, ఆ తర్వాతి ‘కర్నూలు సగటు’ ఒకే నేలకు చెందినవి కావు. కేసీ కాలువ కింది నంద్యాల ప్రాంతం పక్కకు పోగా మిగిలిన సగటును పాత సగటుతో పోలిస్తే, నేలలో ఏ మార్పూ లేకున్నా అంకెలో మార్పు కనిపిస్తుంది.

ఏడాది మొత్తం వాన కూడా కొన్నిసార్లు నిజాన్ని దాచేస్తుంది. 2009లో దేశవ్యాప్తంగా రుతుపవనాల లోటు 22 శాతం. అదే ఏడు అక్టోబరు 2న కర్నూలు నగరం వరదలో మునిగింది. వాన మొత్తం ఎంతన్నదే కాక, ఎప్పుడు ఎన్ని రోజుల్లో పడిందన్నదీ నేలకు, పంటకు ముఖ్యమే.

వాకర్ నుంచి గ్రాంజర్ దాకా

ఈ చర్చ సీమకు కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చిపెట్టింది. అలాంటి కరువులను ముందే పసిగట్టాలన్న తపనతోనే దేశ వాతావరణ శాఖ పుట్టి పెరిగింది. 1904 నుంచి 1924 వరకు ఆ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచం నలుమూలల వాతావరణ పట్టికలు తెప్పించి రుతుపవనాలతో పోల్చి చూశారు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య వాయుపీడన ఊగిసలాటను గుర్తించారు. నేడు ఎల్‌నినోగా వింటున్న కథకు అది పునాది. అయితే ఆయన ఎంచిన సంబంధాల్లో కొన్ని తర్వాతి కాలంలో నిలబడలేదు. వందల పట్టికలు వెదికితే కాకతాళీయంగా సరిపోయేవీ కొన్ని దొరుకుతాయి. కొత్త సంవత్సరాల్లోనూ నిలిచినదే అసలు సంబంధం. ఎల్‌నినో సైతం గట్టి సంబంధమే తప్ప శాసనం కాదు. 2002, 2009, 2023 సంవత్సరాల్లో అది రుతుపవనాలను దెబ్బతీసింది. బలమైన ఎల్‌నినో వచ్చిన 1997లో మాత్రం దేశంలో వానలు సాధారణంగానే కురిశాయి.

బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞుడు యూల్ 1926లో మరో ముప్పును ఎత్తిచూపారు. ఇంగ్లండ్‌లో 1866 నుంచి 1911 వరకు అధికార చర్చిలో జరిగే పెళ్లిళ్ల వాటా, మరణాల రేటు రెండూ కలిసి తగ్గుతూ వచ్చాయి. అంకెల్లో వాటి బంధం అమిత గట్టిది. అంతమాత్రాన చర్చి పెళ్లిళ్లు మానితే మరణాలు తగ్గుతాయా? ఏళ్ల తరబడి ఒకే దిశలో సాగే ఏ రెండు అంకెలైనా చుట్టాల్లా కనిపిస్తాయి. సీమలో సెల్‌ఫోన్లు పెరిగాయి, బోర్ల లోతూ పెరిగింది. ఒకటి మరొకదానికి కారణం కాదు. అందుకే మొత్తం మట్టాలను కాక, ఏటికేడు వచ్చిన మార్పును మార్పుతో పోల్చి చూడాలి.

2003లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న క్లైవ్ గ్రాంజర్ 1969లో ఒక పరీక్ష ప్రతిపాదించారు. బావి గత చరిత్ర ఒక్కటే చూసి రేపటి మట్టాన్ని అంచనా వేయాలి. తర్వాత దానికి వాన చరిత్రను జోడించాలి. అంచనా మెరుగైతే వానలో బావి గురించిన సమాచారం ఉన్నట్లే. ఇది ఉపయోగపడే పరీక్షే గానీ తుది తీర్పు కాదు. తన కోడి, కుంపటి లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ తెలిసిందే. కోడికూత తెల్లవారడానికి ముందే వస్తుంది, దాన్నిబట్టి తెల్లవారుతుందని చెప్పవచ్చు కూడా. అయినా సూర్యుణ్ని లేపేది కోడి కాదు. ముందు రావడం ఒక ఆధారం, కారణం కావడం వేరొక సంగతి.

గ్రామసభలో అడగాల్సింది

ఇంతకీ సామాన్య రైతు చేయగలిగిందేమిటి? నివేదిక చదివినప్పుడు ఐదు ప్రశ్నలు అడిగితే చాలు. ఒకటి, ఆ ఏడు వాన ఎంత? రెండు, పోల్చింది ఏ నెలను ఏ నెలతో? మూడు, ఎన్ని బావులు కొలిచారు, ఎన్నింటిని జాబితాలోంచి తీసేశారు? నాలుగు, పని జరగని పక్క ఊళ్లో ఏం జరిగింది, దిగువ ఊరి మాటేమిటి? ఐదు, ఆ తర్వాతి కరువు ఏడాదిలో మట్టం ఎక్కడ నిలిచింది?

ఈ చివరి ప్రశ్నే అసలైన గీటురాయి. మంచి వానల ఏడాది అన్ని ఊళ్ల బావులూ నిండుతాయి. పథకం సత్తా తేలేది వాన ముఖం చాటేసిన ఏడే. 2023 ఆగస్టు దేశంలో 1901 నుంచి నమోదైన ఆగస్టులన్నింటిలోకీ అత్యంత పొడిగా గడిచింది. అలాంటి ఏడాది పక్క ఊరి కన్నా తక్కువగా పడిపోయిన ఊరు ఏదైనా ఉంటే, అక్కడ ఏం చేశారో వెళ్లి చూడాల్సిందే.

వర్షమాపకం ఖరీదు ఒక బోరు ఖర్చులో లెక్కలోకి రానిది. ప్రతి పంచాయతీ కార్యాలయం గోడపై నెలవారీ వాన, పది బావుల మట్టం, సాగైన వరి ఎకరాలు పక్కపక్కనే రాసి పెడితే పదేళ్లలో ఊరికి తనదైన లెక్క తయారవుతుంది. ఆ పని తమకు చేతనవుతుందని సీమ రైతులు ఇప్పటికే చేసి చూపారు. పథకాలు మారవచ్చు, పేర్లు మారవచ్చు. గోడ మీది అంకెలు మాత్రం మారకూడదు. ఆ లెక్క చేతిలో ఉంటే, రబీకి ముందు ఎన్ని ఎకరాల వరికి నీరుందో ఊరే చెప్పుకోగలదు.